అడుగు గరిటెడు లేహ్యం

"ఒరే నాయనా, ఇవాళ ఒక్కరోజు గడప దాటకురా! తెల్లారినప్పటి నుంచి నా కుడికన్ను ఒకటే అదురుతోంది. ఎవరికో ఏదో ముంచుకొస్తోంది."

అప్పటికింకా ఎవరికీ ఏమీ కాలేదు. శంపానగరం కోటబురుజుల మీద లేత ఎండ పడుతోంది. హేమవాహినీ నదిలో పడవలవాళ్లు పాటలు పాడుకుంటూ తెరచాపలు ఎత్తుతున్నారు. పేరమ్మ మాత్రం చేట చంకలో పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గింజల అంగడిలో ధాన్యం చెరగడం, మూటల్లోని సరుకు మంచిదో కాదో చూసి చెప్పడం ఆమె పని.

ఆమె కొడుకు రేచన తలపాగా చుట్టుకుంటూ నవ్వాడు. "నువ్వు వెళ్లిరా అనందే నేను ఏనాడు గడప దాటాను? అను మరి. పొద్దెక్కుతోంది."

"నవ్వకు. మీ నాన్న కూడా ఇట్లాగే నవ్వుకుంటూ మూలికలు తవ్వడానికి కాకోలగిరికి పోయాడు. ఏడో మలుపు దాటాడని చెప్పినవాళ్లే గానీ దిగివచ్చాడని చెప్పినవాళ్లు లేరు."

ఈ మాటకు రేచన నవ్వు ఆపేశాడు. తండ్రి నేర్పిన విద్య వల్లనే అతనికి వాసన చూసి వేరు పేరు చెప్పడం వచ్చింది. ఆ విద్య వల్లనే నెలరోజుల కిందట మహారాణి అంబుజవల్లి అతన్ని పిలిపించి, రాజ్యానికి మొట్టమొదటి ఓషధి రక్షకుడిగా నియమించింది. కల్తీ మందులు తిని జనం రాలిపోతుంటే చూడలేక ఆమె మూలికా శాసనం చేయించింది. మందు జాడీ మీద లోపలున్న ప్రతి వస్తువు పేరూ రాసిన చీటీ ఉండాలి. చీటీలో లేనిది జాడీలో ఉండకూడదు. పేరుచీటీ లేని మూలిక అసలు అంగడిలోనే కనబడకూడదు. పరీక్షించి, బాగుంటే "శుద్ధం" అని లక్కముద్ర వేయడం రేచన ఉద్యోగం.

"అమ్మ మాటలకేంలే అన్నయ్యా!" అంటూ లోపలి నుంచి కుందమ వచ్చింది. రేచన చెల్లెలు. పదహారేళ్ల పిల్ల. నోరు తెరిస్తే ముగ్గురు మాట్లాడేది ఒక్కతే మాట్లాడుతుంది. "మొన్న పిల్లి తుమ్మితే ఇల్లు కూలుతుందంది. నిన్న అరికాలు దురదపెడితే భూకంపమంది. నాకు దగ్గొస్తే క్షయేనని ఏడ్చి, పరుగున పోయి లేహ్యం తెచ్చింది. ఊళ్లో అందరూ దగ్గుతున్నారు, అందరికీ క్షయేనా? ఆ పొగంతా నువ్వు పెట్టిందే! మందుల వీధిలో పాపం ఆ కొండవాళ్ల మూటలన్నీ కుప్పపోసి తగలబెట్టించావట కదా?"

"వాటికి పేరుచీటీల్లేవు. కొండవాళ్లకు రాయడం రాదు. శాసనం శాసనమే, నేనేం చేసేది?"

"ఏం చేసేదా? వాళ్ల చేత చెప్పించుకుని నువ్వే రాయొచ్చుగా! పెద్ద ఉద్యోగివి గదా, చేతిలో గంటం—"

మాట అక్కడ తెగిపోయింది.

కుందమ పెదవులు కదులుతున్నాయి. శబ్దం రావడం లేదు. చేతిలోని చెంబు జారి నేల మీద దొర్లింది. గొంతు పట్టుకుని అన్నవైపు కళ్లు పెద్దవి చేసి చూసి, మొదలు నరికిన అరటిబోదెలా కూలిపోయింది. ఆమె గోళ్లు నేరేడుపండ్లలా నీలంగా మారుతున్నాయి!

"చెప్పానా! చెప్పానా!" అంటూ పేరమ్మ బిడ్డ తలను ఒళ్లోకి తీసుకుంది.

రేచన కింద పనిచేసే భటుడు గుండయ వీధిలోనే ఉన్నాడు. నిలువెత్తు మనిషి, నిలువెత్తు పొట్ట. కేక వినగానే పరుగెత్తాడు. ముసలి నాగదేవ వైద్యుడు నడిచి వచ్చేసరికి ఏ ఘోరం జరిగేదో గానీ, గుండయ ఆయన్ని నడవనివ్వలేదు. గడ్డిమోపులా భుజాన వేసుకుని సందులూ గొందులూ దాటి తెచ్చి దింపాడు.

వైద్యుడు కుందమ నాడి పట్టి, గోళ్లు చూసి, కనురెప్పలు ఎత్తి చూశాడు.

"ఈ పిల్ల ఏం తిన్నది?"

పేరమ్మ పరుగున పోయి ఒక చిన్న జాడీ తెచ్చింది. దాని మీద పేరుచీటీ ముచ్చటగా అంటించి ఉంది. అమృతవల్లి లేహ్యం. తిప్పతీగ, పిప్పలి, అడ్డసరం, తేనె. ఇవి తప్ప వేరేమీ లేవు. చీటీ కింద ఎర్రటి లక్కముద్ర ఉంది. శుద్ధం.

"నీ ముద్ర ఉంది గదా అని కొన్నాను నాయనా," అంది పేరమ్మ.

ఆమె తప్పుపట్టడానికి అన్న మాట కాదది. అయినా రేచన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మెడలో వేలాడుతున్న ముద్రను గుప్పిట్లో బిగించాడు.

నాగదేవుడు జాడీ వాసన చూసి తల విదిలించాడు. "మాట పోగొట్టి గోళ్లు నీలం చేసేవి మూడున్నాయి. మూగదుంప, రాతిపసరు, నీలిబూజు. తేనెలో కలిపితే మూడూ ఒకే వాసన. దేని విరుగుడు దానికే. ఒకదానికి ఇచ్చేది మరొకదానికి ఇచ్చామా, మరుక్షణం ప్రాణం పోతుంది. ఏది కలిపారో కలిపినవాడే చెప్పాలి. ముందు మాట పోయింది. తర్వాత చూపు పోతుంది. పొద్దు గుంకేసరికి ఊపిరి."

"కానీ నేను పరీక్షించానండీ!" అన్నాడు రేచన. "వైద్యశిఖామణి అమృతానందుడు నా ఎదుటనే ముందుచవి చూశాడు. తర్వాత నేనూ చూశాను. మేలైన లేహ్యం. మరి అదెలా?"

ముందుచవి ఆ రాజ్యంలో తాతల నాటి ఆచారం. మందు అమ్మేవాడు కొనేవాడి ఎదుట మొదటి గరిటె తాను తినాలి. ఆ గరిటె లేహ్యం పైపైనే ఆనాలి. లోపలికి దించినా, కలియబెట్టినా ధన్వంతరికి కోపం వచ్చి మందు విషమవుతుందని అందరి నమ్మకం. శాసనం రాసినవాళ్లూ ఆ ఆచారాన్నే రాశారు. పరీక్షించిన రేచనా ఆ ఆచారాన్నే పాటించాడు.

పేరమ్మ కన్నీళ్లు తుడుచుకుంటూ ఉన్నట్టుండి తలెత్తింది. "మూడు రోజులు తియ్యగా ఉందన్నది. నిన్న చేదన్నది. జబ్బు నోరేమోననుకున్నాను..." జాడీని వెలుగులోకి తిప్పి లోపలికి తొంగి చూసింది. "ఒరే రేచనా! వీడు మా గింజల వర్తకుడి పని చేశాడ్రా! పైన మేలు బియ్యం, అడుగున పుచ్చులు! మూట నోరు విప్పి చూపించేవాణ్ని నేనెప్పుడైనా నమ్మానా? మూట కడుపులోకి గొట్టం దూర్చనిచ్చేవాడినే నమ్ముతాను."

ఆమె చూరులోంచి తన గొట్టం లాగింది. రెండు మూరల పొడుగున్న సన్నని వెదురు. ఒక కొస వాడిగా చెక్కి ఉంటుంది. మూటలో అడుగుదాకా గుచ్చి లాగితే, ఏ పొరలో ఏముందో వరసగా గొట్టంలోకి వస్తుంది.

"నేను పోయి ఆ అమృతానందుడి పీక పట్టుకుంటాను," అని రేచన కత్తి అందుకున్నాడు.

"పోతే? నిన్ను వీధి మలుపులోనే గుర్తుపట్టి, మంచి జాడీలు ముందు పెట్టి, చెడ్డవి నదిలో పారేస్తాడు. లేదా నిన్నే నదిలో పారేస్తాడు. నేనూ వస్తున్నాను. వాడు ఎరగని వేషంలో పోదాం."

వేషాలకు గుండయ ఇల్లే దిక్కయింది. అతని భార్యది వీధిభాగోతాల మేళం. పెట్టె మూత తెరిచారో లేదో, గాజుపూసల హారాలు, తగరపు వడ్డాణం, ఎర్రపట్టు చీర బయటికొచ్చాయి. అర ఘడియలో పేరమ్మ సువర్ణద్వీపపు నావికాధిపతి భార్య అయిపోయింది. వెదురు గొట్టానికి బంగారు కాగితం చుడితే దొరసాని చేతికర్ర అయింది. రేచన ముఖానికి మసి పూసుకుని, గుండయతో కలిసి మేళంవాళ్ల పల్లకీ ఎత్తాడు.

"పేరత్తా," అన్నాడు గుండయ మూలుగుతూ, "దొరసానులు తేలిగ్గా ఉంటారని విన్నానే!"

"మాటలాపి నేల చూసి నడువు. కాలు మడతపడిందంటే ముగ్గురం చచ్చి ఊరుకుంటాం. అయ్యో, నాగదేవయ్యగారు ఒక్కరే పిల్ల దగ్గరున్నారు, దీపంలో చమురుందో లేదో!"

మందుల వీధి చివర అమృతభవనం ఏడంతస్తులుగా ఆకాశాన్ని తాకుతోంది. స్తంభం స్తంభానికీ రాతి తీగలు అల్లుకుని ఉన్నాయి. ఆ తీగలకు పగడాల మొగ్గలు, పచ్చల ఆకులు. ద్వారానికి రెండువైపులా ఏనుగంత రోళ్లలో వందమంది దంచుతుంటే ఆ చప్పుడు పెళ్లి డోలులా ఉంది. లోపలి సరుకు కనబడనంత చిక్కటి రంగుల స్ఫటికపు జాడీలు వరసలు వరసలుగా వెలుగుతున్నాయి. కుంకుమపువ్వు రంగుది ఒకటి, నెమలికంఠం రంగుది ఒకటి, తొలిసంజ రంగుది ఒకటి. పైకప్పు నుంచి వేలాడే వేళ్ల గుత్తులు గాలికి మెల్లగా ఊగుతున్నాయి. ఏలకుల వాసన, కస్తూరి వాసన, కర్పూరపు చలువ. ఇంత అందమైన చోట చావు అమ్ముతారని ఏ తల్లి అనుకుంటుంది?

"దయచేయండి మహాసాధ్వీ!" అంటూ అమృతానందుడు ఎదురొచ్చాడు. పాలనురుగులాంటి గడ్డం. మొహమంతా చిరునవ్వు. "ఏ ద్వీపం? ఏ బాధ?"

"మాది సువర్ణద్వీపం. బాధ ఒక్కటైతే చెప్పేదాన్ని," అంది పేరమ్మ. ఈ మాటకు ఆమె నటించాల్సిన పనిలేదు. "రాత్రి నిద్ర ఉండదు. పగలు గుండె దడ. ఇంటికప్పు చూస్తే కూలుతుందనిపిస్తుంది. నీళ్లు తాగుతుంటే గొంతుకడ్డం పడతాయనిపిస్తుంది. ఇదుగో, మీ మందిరంలో అడుగు పెట్టగానే పైన వేలాడే వేళ్లు పాములై మీద పడతాయనిపించింది."

అమృతానందుడి చిరునవ్వు క్షణం సేపు వంకరపోయింది. "తమాషా మనిషి మీరు! అన్నిటికీ ఒకటే మందు. అమృతవల్లి లేహ్యం!" తొలిసంజ రంగు జాడీ తెచ్చి మూత తీశాడు. బంగారు గరిటెతో పైన రవ్వంత తీసి నాలుక మీద వేసుకుని చప్పరించాడు. "ముందుచవి అయింది. ఇదుగో, మహారాణిగారి ముద్ర. ఈమధ్యనే ఒక వెర్రి కుర్రాడు వచ్చి వేసిపోయాడు."

పల్లకీ పక్కన నిలబడ్డ నల్లటి బోయీ పళ్లు నూరాడు.

"బాగుంది. కానీ నా చేతికర్రకు కూడా రుచి చూడాలని ఉందట," అంటూ పేరమ్మ వెదురు గొట్టాన్ని ఎత్తి జాడీ నడుమ కసుక్కున గుచ్చింది.

"అపచారం! ధన్వంతరి ఆగ్రహిస్తాడు!" అని అమృతానందుడు అరిచాడు. దంచేవాళ్ల చేతుల్లో రోకళ్లు గాలిలోనే ఆగిపోయాయి.

పేరమ్మ గొట్టం పైకి లాగి కొస వెలుగుకు పెట్టింది. కొసన ఉన్నది అడుగు లేహ్యం. బురదనలుపు. దాని అంచున నీలపు జిగట. జాడీ పైన రెండు వేళ్ల మందం మాత్రమే తేనెరంగు.

రేచన ఒక్క విదిలింపుతో మసి తుడుచుకున్నాడు. మెడలోని ముద్ర పైకెత్తి, "మహారాణి అంబుజవల్లి శాసనం పేరిట ఈ భవనానికి తాళం వేస్తున్నాను! చీటీలో లేనిది జాడీలో ఉంది. అదేమిటో చెప్పు!" అని గర్జించాడు.

అమృతానందుడు నవ్వాడు. ఆ నవ్వుకు పాలనురుగు గడ్డం ఊడి నేల మీద పడింది. పట్టుశాలువా పొగగా మారి చెదిరిపోయింది. దాని వెనక ఎముకల హారాలు, నిప్పుకణికల్లాంటి కళ్లు, బొగ్గుపొడి చల్లినట్టున్న జడలు!

"కంకాళభట్టు!" అని దంచేవాళ్లు కెవ్వుమని రోకళ్లు పారేసి పరుగెత్తారు. మూడేళ్ల కిందట రాజ్యం నుంచి వెళ్లగొట్టిన మాంత్రికుడి పేరది.

"ఈ ఊరి జనం నోళ్లన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోవాలిరా! అప్పుడు నా ఒక్కడి మాటే శాసనం!" అని కంకాళభట్టు నోరు తెరిచి మంత్రం ఎత్తుకున్నాడు. భవనం దద్దరిల్లింది. పైనున్న వేళ్ల గుత్తులు బుసకొడుతూ పాములై కిందికి దూకాయి. స్ఫటికపు జాడీలు గాలిలో లేచి రాళ్లవానలా కురిశాయి. రేచన కత్తి గిర్రున తిప్పుతూ నాలుగు పాముల్ని తెగ్గొట్టాడు. ఐదోది కాలికి చుట్టుకుంది. అంతలో కాళ్ల కింద నేల పగిలి రెండయింది! కింద కషాయం సలసల కాగుతున్న గంగాళం. రేచన పడుతూ పడుతూ అంచును ఒక్కచేత్తో పట్టుకుని వేలాడాడు. ఆవిరికి వేళ్లు జారుతున్నాయి. గుండయ మీదికి రోలు బోర్లపడింది. దాని కింద నుంచి, "ఉన్నాను, ఇంకా ఉన్నాను!" అన్న కేక మాత్రం వినిపిస్తోంది.

మంత్రం చదువుతూనే కంకాళభట్టు గాలిలోకి లేచాడు. ఒక అంతస్తు. రెండో అంతస్తు. అతను నోరు మూస్తే పాములు ఆగుతున్నాయి, నోరు తెరిస్తే దూకుతున్నాయి.

పాములు, పగిలే నేల, కూలే కప్పు. ఇవన్నీ పేరమ్మ ఇరవయ్యేళ్లుగా రోజూ ఊహించుకుంటున్నవే. అందుకే ఆ మందిరంలో ఆమె ఒక్కతే బిత్తరపోలేదు. ముందు తన ఎర్రపట్టు కొంగు చించి ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస కొడుకువైపు విసిరింది. "పట్టుకో! కిందికి చూడకు!" తర్వాత జాడీల అరలకు ఆనించిన నిచ్చెన మీదికి గబగబ ఎక్కింది. రెండు మెట్లు విరిగాయి. మూడోది నిలిచింది. ఆమె మాంత్రికుడి ఎత్తుకు చేరేసరికి, అతను మంత్రం చివరి అక్షరం కోసం నోరు బారెడు తెరిచాడు.

పేరమ్మ వెదురు గొట్టం కొసను ఆ నోట్లో పెట్టి, రెండో కొసన నోరు పెట్టి, గుండెల్లో ఉన్న గాలంతా ఊదింది.

గొట్టంలోని లేహ్యమంతా అతని గొంతులోకి దిగిపోయింది. మంత్రం గుటకగా మారింది. కంకాళభట్టు తూము తెగిన నీళ్లలా కిందికి జారి నేల మీద బోర్లాపడ్డాడు. పాములన్నీ ఎండువేళ్లై రాలిపోయాయి. కొంగు పట్టుకుని పైకి పాకిన రేచన అతని చేతులు వెనక్కి విరిచికట్టాడు.

"ఎవరైనా ఈ రోలు తీస్తారా?" అన్నాడు గుండయ.

పల్లకీలో పోయిన దొరసాని కాలినడకన తిరిగొచ్చింది. పల్లకీలో మాంత్రికుడు పడుకుని వచ్చాడు. అప్పటికి మూడో జాము నడుస్తోంది. ఇంట్లో కుందమ కళ్లు తెరుచుకునే ఉన్నాయి. పేరమ్మ ఆమె కళ్ల ముందు చెయ్యి ఆడించింది. రెప్ప కదల్లేదు. చూపు పోయింది.

కంకాళభట్టు చేతుల కట్లు ముందుకు మార్చి, అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టారు. రేచన అతని మెడకు కత్తి ఆనించాడు. "ఏం కలిపావు?"

మాంత్రికుడు నవ్వి ఊరుకున్నాడు.

"కత్తి తియ్యి నాయనా," అన్నాడు నాగదేవుడు. మాంత్రికుడి ఎదుట చతికిలబడి కూర్చున్నాడు. "చూడు కంకాళభట్టూ. ఆ పిల్ల నిన్నటి నుంచి కొంచెం కొంచెంగా తిన్నది నువ్వొక్క గుక్కలో మింగావు. నీ గొంతు అప్పుడే బొంగురుపోయింది, ఇక మంత్రం పలకదు. నువ్వు ఏ పేరు చెబితే దాని విరుగుడే ఇస్తాను. కానీ ముందుచవి నీది. మొదటి గరిటె నీ నోట్లోనే పోస్తాను. అబద్ధం చెప్పావో, పిల్లకంటే ముందు నువ్వే పోతావు. అసలు చెప్పలేదో, పొద్దు గుంకేసరికి పిల్లా పోతుంది, నువ్వూ పోతావు."

మాంత్రికుడి కళ్లు అటూ ఇటూ తిరిగాయి. పెదవులు బిగించుకున్నాడు. గుమ్మం నీడ పాకుతూ పొత్రం దాకా వచ్చింది. అది దాటి కుందమ పాదాల మీదికి వచ్చింది.

పేరమ్మ మాంత్రికుడి దగ్గరికి పోయి అతని చేతులు ముట్టి చూసింది. "ఎంత చల్లబడిపోయాయో! గోళ్లు చూసుకో నాయనా. నా పిల్లకూ ఇట్లాగే మొదలైంది. తర్వాత నేనెవరో కనబడదు. చీకట్లో ఒక్కడివే ఉంటావు. పిలుద్దామన్నా నోరు రాదు. నీకెవరూ లేరా? నీకోసం ఏడ్చేవాళ్లెవరూ లేరా?"

కంకాళభట్టు తన గోళ్లవైపు చూసుకున్నాడు.

"మూగదుంప," అన్నాడు బొంగురు గొంతుతో.

నాగదేవుడు లేచి నిలబడ్డాడు. కానీ ఆయన ముఖం వికసించలేదు. "దానికి విరుగుడు వెన్నెలవేరు. కొండవాళ్లే తెస్తారు. వారం కిందట వాళ్లు తెచ్చిన మూటల్లో నా కళ్లతో చూశాను..."

రేచనకు ఆ మూటలు గుర్తున్నాయి. తెల్లటి వేళ్లు, మట్టివాసన, చేతులు జోడించి బతిమాలిన ముసలి కొండవాడు. చీటీ ఏదీ అని అడిగింది తనే. కాగడా పట్టింది తనే. విషపు జాడీకి ముద్ర వేసిన చెయ్యే విరుగుడుకు నిప్పు పెట్టింది.

మాంత్రికుడు మెడ పైకెత్తాడు. ఇప్పుడు అతనికి తన ప్రాణం మీదే తీపి. "ఇంకొక్కచోట ఉంది... కాకోలగిరి... ఏడో మలుపు, గుహ ముందర. కానీ దాన్ని తవ్వేవాడు ముందుగా..."

మాట ఆగిపోయింది. అతని పెదవులు ఆడుతూనే ఉన్నాయి. ముందుగా ఏమిటో ఎంతో ఆత్రంగా చెబుతున్నాడు. ఒక్క శబ్దమూ బయటికి రాలేదు. గుండయ తాటాకు, గంటం తెచ్చి చేతిలో పెట్టాడు. నీలంగా మారిన వేళ్ల మధ్య నుంచి గంటం జారిపోయింది.

కాకోలగిరి. నదికి అవతల, ఇంటి అరుగు మీద నిలబడితే కనబడే నల్లటి కొండ. పొద్దు దాని శిఖరానికి రెండు బారల ఎత్తులో ఉంది. గుండయ మహారాణి లాయంలోని గుర్రాన్ని తెచ్చి గుమ్మం ముందు నిలిపాడు. అది కాలుతో నేల గీరుతోంది.

రేచన కత్తి కట్టుకున్నాడు. చెల్లెలి నుదురు ముట్టుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. పొద్దున నిలబడ్డ చోటనే, అడ్డంగా, తల్లి నిలబడి ఉంది.

"అమ్మా, వెళ్లిరమ్మంటావా?"

పేరమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. వెనక్కి తిరిగి, ఎవరినీ చూడని కూతురి కళ్లను చూసింది. దూరాన కొండను చూసింది. ఏడో మలుపు ఎక్కడుంటుందో ఆమెకు బాగా తెలుసు. పదేళ్లుగా రోజూ అటే చూస్తోంది. గుర్రం సకిలించింది. గుండయ కళ్లెం సర్ది తల దించుకున్నాడు. కుందమ ఊపిరి ఒక్కటే, ఆగి ఆగి, ఆ ఇంట్లో వినిపిస్తోంది. ఎప్పుడూ నిమిషానికో భయం చెప్పే పేరమ్మ నోట ఒక్క భయమూ రాలేదు.

చివరికి ఆమె గుమ్మంలోంచి పక్కకు జరిగింది. చంకలోని వెదురు గొట్టం కొడుకు నడుముకు దోపింది.

"మీ నాన్న పైనుంచి తవ్వి ఉంటాడు," అంది. "నువ్వు గుచ్చి, అడుగునేముందో చూసి తవ్వు. వెళ్లిరా."